హారాలు వేరైన బీజీయ భిన్నాల తీసివేత: మైనస్ ఎంతవరకు పనిచేస్తుంది?

అమ్మా, మీ ప్రశ్న చదివాను. పాప చేసిన లెక్క ఫోటో కూడా చూశాను. మిగతావాళ్లకీ అర్థం కావాలి కాబట్టి ముందు అది ఇక్కడ రాస్తాను. తొమ్మిదో తరగతి చదువుతున్న మీ పాపకు స్కూల్లో ఇచ్చిన ఫౌండేషన్ మెటీరియల్లోని లెక్క ఇది:

(య + 7)/(య² − య − 6) − 2/(య − 3)

పాపకు (9 − య)/(య² − య − 6) వచ్చింది. వెనక జవాబుల పేజీలో −1/(య + 2) అని ఉంది. "అచ్చుతప్పా, పాప తప్పా? నేను తెలుగు మీడియంలో చదువుకున్నాను, ఇప్పుడంతా మర్చిపోయాను, దానికెలా చెప్పాలి?" అని అడిగారు.

అచ్చుతప్పు కాదు. పాప కూడా ముప్పాతిక వంతు లెక్క చక్కగా చేసింది. కారణాంకాలు సరిగ్గా విడదీసింది, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అదే ఎల్‌సీఎం) సరిగ్గా పట్టింది. ఒక్క గుర్తు దగ్గర జారింది. ఇరవై ఏళ్లకు పైగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్తున్నాను. ఈ అధ్యాయంలో పోయే మార్కుల్లో ఎక్కువ భాగం సరిగ్గా ఆ చోటే పోతాయి. అందుకే కొంచెం విడమరచి రాస్తున్నాను.

పాప పుస్తకంలో ఎక్స్ అని ఉన్నచోట నేను 'య' అని రాస్తున్నాను. ఇది నేను కొత్తగా పెట్టిన అక్షరం కాదు. 1150లో భాస్కరాచార్యుడు బీజగణితం రాసినప్పుడు తెలియని రాశిని 'యావత్తావత్' అన్నాడు. అంటే ఎంతైతే అంత. దాన్ని కుదించి 'యా' అని రాసేవారు. రెండో తెలియని రాశి కావాల్సి వస్తే కాలక, నీలక అని రంగుల పేర్లు పెట్టేవారు. పాపకు ఇది చెప్పండి. ఎక్స్ అంటే భయపడే పిల్లలు 'ఎంతైతే అంత' అంటే కాస్త స్థిమితపడతారు.

తప్పు ఎక్కడుందో వెతికే ముందు, తప్పు ఉందని పాపే కనిపెట్టేలా చేయండి. య చోట 4 పెట్టమనండి. ఇచ్చిన లెక్కలో మొదటి భిన్నం 11/6, రెండోది 2/1. పదకొండు ఆరోవంతుల్లోంచి పన్నెండు ఆరోవంతులు తీసేస్తే −1/6. ఇప్పుడు పాప జవాబులో 4 పెడితే 5/6 వస్తుంది. పుస్తకం జవాబులో పెడితే −1/6 వస్తుంది. అయిపోయింది, తీర్పు వచ్చేసింది. దీనికి ఒక నిమిషం కూడా పట్టదు. వెనక జవాబుల పేజీ లేని పరీక్ష హాల్లో కూడా ఇది పనిచేస్తుంది. సంఖ్య ఎంచుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త: ఏ హారమూ సున్న కాకూడదు. ఈ లెక్కలో 3, −2 పనికిరావు. నేను పిల్లలకు 0, 1 కూడా పెట్టొద్దంటాను. ఆ రెండూ కొన్ని తప్పుల్ని కప్పేస్తాయి. య, య² రెండూ 1 దగ్గర ఒకటే అయిపోతాయి కదా.

ఇక అసలు సంగతి. వేరు వేరు హారాలున్న భిన్నాలను నేరుగా ఎందుకు తీసివేయలేమో పాపకు తెలుసా అని ముందు అడగండి. "ఎల్‌సీఎం తీయాలి" అని పిల్లలంతా చెప్తారు. ఎందుకు తీయాలంటే చాలామంది చెప్పలేరు. మీ అమ్మమ్మగారి కాలంలో ఈ చిక్కు లేదు. ముప్పావులోంచి వీసం తీస్తే ఎంత అంటే వాళ్లు నోటితోనే చెప్పేవారు. వీసం అంటే పదహారో వంతు. ముప్పావు అంటే పన్నెండు వీసాలు. పన్నెండు వీసాల్లోంచి ఒక వీసం పోతే పదకొండు వీసాలు. అంతే. ముప్పావునీ వీసాన్నీ ఒకే కొలతలోకి మార్చాకే తీశారు. 3/4 − 1/16 = 12/16 − 1/16 = 11/16 అని రాసినా జరిగింది అదే. సంస్కృత గణితంలో ఈ పనికి 'సవర్ణనం' అని పేరు, అంటే ఒకే రంగుకు తేవడం. భిన్నాల గణితాన్నే 'కళాసవర్ణం' అనేవారు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో హారాల క.సా.గు.ను 'నిరుద్ధం' అని పేరు పెట్టి వాడాడు. ఆ గ్రంథాన్నే మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఇంగ్లిష్ మీడియం పిల్ల ఎల్‌సీఎం అంటున్నది తెలుగువాళ్లకు కొత్త సంగతేమీ కాదు.

బీజీయ భిన్నాల్లోనూ అదే పని. వీసం లాంటి ఉమ్మడి కొలత ఏదో తెలియాలంటే హారాలను కారణాంకాలుగా విడగొట్టాలి.

య² − య − 6 = (య − 3)(య + 2)

రెండో భిన్నం హారం (య − 3). అంటే ఉమ్మడి హారం (య − 3)(య + 2). రెండో భిన్నంలో (య + 2) లేదు కాబట్టి పైనా కిందా దాంతో గుణించాలి:

(య + 7)/((య − 3)(య + 2)) − 2(య + 2)/((య − 3)(య + 2))

ఇక్కడిదాకా పాప రాసింది అక్షరాలా ఇదే. తర్వాతి వరుసలో పైన ఇలా రాసింది: య + 7 − 2య + 2. అక్కడ జారింది. రావాల్సింది య + 7 − 2య − 4.

పాప నోటుబుక్కులో ఆ వరుసను దగ్గరగా చూడండి. 2ను బ్రాకెట్లోకి పంపింది, కానీ మొదటి పదానికే ఇచ్చింది. మైనస్‌నూ మొదటి పదం దగ్గరే ఆపేసింది. +2కు ఏమీ చేరలేదు, ఉన్నది ఉన్నట్టు దిగిపోయింది. ఇది అజాగ్రత్త అని నేననుకోను. ఎందుకు జరుగుతుందో చెప్తాను.

కాగితం మీద భిన్నం రాసినప్పుడు మధ్యలో గీత ఉంటుంది. ఆ గీత భాగహారాన్ని సూచించడమే కాదు, ఇంకో పని కూడా చేస్తుంది. పైనున్నదంతా ఒక మూట, కిందున్నదంతా ఒక మూట అని చెప్తుంది. అంటే కనిపించని బ్రాకెట్. ప్రతి భిన్నానికీ దాని గీత దానికున్నంతసేపు ముందున్న మైనస్ మొత్తం మూటకే వర్తిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. రెండు భిన్నాలనూ కలిపి ఒకే పొడవైన గీత మీదికి ఎక్కించగానే రెండో మూటకున్న సొంత గీత పోతుంది. మూట ముడి విడిపోతుంది. మైనస్ దాని మొదటి పదానికి అతుక్కుంటుంది, మిగతా పదాలు తప్పించుకుంటాయి. అందుకే ఒకే గీత మీదికి ఎక్కించే ఆ క్షణంలో, గీత చేస్తున్న పనిని బ్రాకెట్‌కు అప్పజెప్పాలి. నేను బోర్డు మీద ఆ ఒక్క బ్రాకెట్‌నూ ఎర్ర సుద్దముక్కతో వేస్తాను. పిల్లల చేత నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో వేయిస్తాను. ఓ నెల పోయాక ఎర్ర పెన్ను మానేస్తారు, బ్రాకెట్ మాత్రం మానరు.

ఇది ఇంకా స్పష్టంగా కనిపించే చిన్న లెక్క ఒకటి. హారాలు ముందే ఒకటిగా ఉన్నాయి, క.సా.గు. గొడవే లేదు:

(5య + 1)/(2య) − (3య − 4)/(2య)

తరగతిలో సగం మంది పైన 2య − 3 అని రాస్తారు. సరైనది 5య + 1 − (3య − 4) = 5య + 1 − 3య + 4 = 2య + 5. మైనస్ 4 ప్లస్ 4 ఎలా అయిందని పిల్లలు అడుగుతారు. "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్" అని వల్లె వేయించడం కన్నా ఇలా చెప్పి చూడండి. ఒక సంచిలో 3య రూపాయలున్నాయి, ఒక నాలుగు రూపాయల అప్పు చీటీ కూడా ఉంది. ఆ సంచిని మొత్తంగా మీ దగ్గర్నుంచి ఎవరో పట్టుకుపోయారు. డబ్బు పోయింది, దాంతోపాటు మీ నెత్తి మీది అప్పూ పోయింది. అప్పు పోవడమంటే నాలుగు రూపాయలు కలిసొచ్చినట్టే. ధనం, ఋణం అని మనం ఇప్పటికీ పుస్తకాల్లో వాడే మాటలు ఈ లెక్కలోంచి వచ్చినవే. 628లో బ్రహ్మగుప్తుడు రాసిన సూత్రాల్లో సున్నలోంచి ఋణం తీసేస్తే ధనం అవుతుందని ఉంది. ఋణం అంటే అప్పే కదా.

సరే, మన లెక్కకు వద్దాం. పైన బ్రాకెట్ వేసి విప్పితే:

య + 7 − (2య + 4) = య + 7 − 2య − 4 = 3 − య

మొత్తం: (3 − య)/((య − 3)(య + 2))

ఇక్కడ చాలామంది ఆగిపోతారు, కొందరు పైన (3 − య), కింద (య − 3) చూసి కొట్టేసి 1/(య + 2) అంటారు. రెండూ సరికాదు. (3 − య), (య − 3) ఒకటి కావు, ఒకదానికొకటి వ్యతిరేకం. 3 − 4 = −1, 4 − 3 = 1. అంటే 3 − య = −(య − 3). పైన మైనస్ బయటికి తీశాక కొట్టేస్తే −1/(య + 2). పుస్తకంలో ఉన్నది ఇదే.

ఈ వ్యతిరేక కారణాంకం లెక్క మొదట్లోనే కనిపిస్తే ఇంకా మేలు. 5/(య − 2) − 3/(2 − య) చూడగానే చాలామంది (య − 2)(2 − య) అని క.సా.గు. వేసి పేజీ నింపేస్తారు. రెండో హారాన్ని −(య − 2) అని రాసుకుంటే ఆ మైనస్ ముందున్న మైనస్‌తో కలిసి ప్లస్ అవుతుంది. 5/(య − 2) + 3/(య − 2) = 8/(య − 2). ఒక్క వరుస.

ఇప్పుడు మీరు చివర్లో రాసిన మాట: "పైనా య ఉంది, కిందా య ఉంది, కొట్టేయొచ్చు కదా అంటోంది." దీనికి జవాబు ఓపిగ్గా చెప్పాలి. ఇది వదిలేస్తే ఇంటర్ దాకా వెంట వస్తుంది.

కొట్టేయడం అంటే నిజానికి ఏమిటి? పైనా కిందా ఒకే రాశితో భాగించడం. 12/18లో పైన 6 × 2, కింద 6 × 3 ఉంది కాబట్టి 6 పోయి 2/3 మిగిలింది. 6 పైనా కిందా గుణకారంలో ఉంది. అదే (6 + 2)/(6 + 3)లో 6ను కొట్టేస్తే 2/3 అంటారు, అసలు విలువ 8/9. కాబట్టి గుణకారంతో అతుక్కుని ఉన్న కారణాంకాన్నే కొట్టేయాలి. ప్లస్‌తోనో మైనస్‌తోనో పక్కన నిలబడ్డ పదాన్ని కొట్టేయకూడదు. పైన వచ్చిన (2య + 5)/(2య)లో 2య కొట్టేయకూడదు. పైనున్న 2య ఒంటరిగా లేదు, 5తో కలిసి ఉంది. ఆ జవాబు అక్కడితో ఆగాల్సిందే.

పిల్లల్ని బాగా మోసం చేసే లెక్క ఒకటుంది. (య² − 9)/(య − 3) ఇచ్చామనుకోండి. ఒక పిల్లాడు య²ను యతో కొట్టి య, 9ను 3తో కొట్టి 3, మైనస్ బై మైనస్ ప్లస్, జవాబు య + 3 అన్నాడు. జవాబు సరైనదే! ఎందుకంటే య² − 9 = (య − 3)(య + 3). దారి మాత్రం పూర్తిగా తప్పు. ఇలాంటి పేపరుకు ఒకప్పుడు నేనే టిక్కు పెట్టి మార్కులిచ్చాను. జవాబు చూశాను, దారి చూడలేదు. ఆ తర్వాతి పరీక్షలో అదే పిల్లాడు (య² + 9)/(య + 3)కూ య + 3 రాశాడు. య చోట 1 పెడితే 10/4, అంటే రెండున్నర. వాడి జవాబు 4. నేను ముందు టిక్కు పెట్టకపోతే వాడా రెండో తప్పు చేసేవాడు కాదు. అప్పటి నుంచి మధ్య వరుసలు చూడకుండా మార్కు వేయను. సంఖ్యల్లోనూ ఇలాంటివి ఉన్నాయి: 16/64లో రెండు ఆర్లూ కొట్టేస్తే 1/4, విలువ సరిపోతుంది. 19/95, 26/65, 49/98 కూడా అంతే. పాపకు ఈ నాలుగూ చూపించి, తర్వాత 13/35లో 3 కొట్టేసి చూడమనండి. 1/5 వస్తుంది, 13/35 దానికి దాదాపు రెట్టింపు. నమ్మకం పోతుంది.

క.సా.గు. దగ్గర కూడా ఒక మాట. హారాలన్నీ గుణించేస్తే ఉమ్మడి హారం వచ్చేస్తుంది కదా, ఇంత కష్టం ఎందుకు అని తెలివైన పిల్లలే అడుగుతారు. వస్తుంది, తప్పు కాదు. కానీ దీన్ని చూడండి:

1/(య² + 3య + 2) − 1/(య² + 5య + 6)

నేరుగా గుణిస్తే హారంలో య నాలుగో ఘాతం వస్తుంది, పైన 2య + 4 వస్తుంది, ఆ తర్వాత ఆ పొడవాటి హారంలో ఏ కారణాంకం దాగుందో వెతుక్కోవాలి. అదే ముందు విడగొడితే (య + 1)(య + 2), (య + 2)(య + 3). ఉమ్మడి హారం (య + 1)(య + 2)(య + 3). పైన (య + 3) − (య + 1) = 2. జవాబు 2/((య + 1)(య + 2)(య + 3)). చివరిదాకా హారాన్ని విప్పొద్దని పాపకు గట్టిగా చెప్పండి. లవాన్ని విప్పాలి, సజాతి పదాలు కలపాలి కాబట్టి. హారం కారణాంకాల రూపంలోనే ఉండాలి, కొట్టేయడానికి ఏముందో అప్పుడే కనిపిస్తుంది.

ఇంకో చిన్న విషయం, మార్కుల పథకంలో తరచూ ఉండదు కానీ నాకు ముఖ్యం. మన లెక్కలో (య − 3) కొట్టేశాక −1/(య + 2) మిగిలింది. దాంట్లో య = 3 పెడితే −1/5 వస్తుంది. కానీ ఇచ్చిన లెక్కలో 3 పెడితే హారం సున్న, విలువే లేదు. కాబట్టి జవాబు పక్కన "య ≠ 3, య ≠ −2" అని రాయడం మంచి అలవాటు. హారంలో సున్న ఉన్న రాశికి భాస్కరాచార్యుడు 'ఖహరం' అని పేరే పెట్టాడు. ఖం అంటే ఆకాశం, సున్న. దాన్ని ఆయన అనంతం అన్నాడు, ఇవాళ మనం నిర్వచితం కాదు అంటాం. ఏ సంఖ్య దగ్గర హారం సున్న అవుతుందో లెక్క మొదట్లోనే, ఇంకా ఏమీ కొట్టేయకముందే చూసుకోవాలి.

ఇదంతా ఎందుకు నేర్చుకోవాలని పాప అడుగుతోందని రాశారు. పదో తరగతిలో వర్గ సమీకరణాలు రాగానే అవసరమవుతుంది. 240 కిలోమీటర్లు వెళ్లే బస్సు గంటకు 20 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో వెళ్తే గంట ముందు చేరుతుంది, అసలు వేగమెంత? 240/య − 240/(య + 20) = 1. ఎడమవైపు తీసివేత చేస్తే పైన 240(య + 20) − 240య = 4800. అంటే య(య + 20) = 4800, య = 60. అరవై వేగంతో నాలుగు గంటలు, ఎనభైతో మూడు గంటలు. ఫిజిక్స్‌లో కటకాల సూత్రం కూడా రెండు భిన్నాల తీసివేతే. ఇంటర్‌లో పాక్షిక భిన్నాలు అంటే ఇదే పని వెనక్కి చేయడం: కలిసిపోయిన భిన్నాన్ని మళ్లీ విడదీయడం. ముందుకు వెళ్లే దారి తెలియనివాళ్లకు వెనక్కి వచ్చే దారి మరీ కష్టం.

పాపకు మూడు లెక్కలిస్తున్నాను. రోజుకొకటి చాలు. ప్రతిదానికీ ఎర్ర బ్రాకెట్ ఉండాలి, చివర్లో ఒక సంఖ్య పెట్టి తనే సరిచూసుకోవాలి.

2య/(య² − 25) − 1/(య − 5)

3/(య + 1) − (2య − 1)/(య² + య)

3/(య − 1) − 2/(య + 4)

మొదటిదానికి 1/(య + 5), రెండోదానికి 1/య వస్తాయి. రెండూ అందంగా తేలిపోతాయి కాబట్టి మూడోదీ అలాగే తేలాలని పాప చూస్తుంది. తేలదు. (య + 14)/((య − 1)(య + 4)) దగ్గర ఆగుతుంది, కొట్టేయడానికి ఏమీ ఉండదు. మూడోది చేసిన పేజీ ఫోటో పెట్టండి. అక్కడ బలవంతంగా ఏదైనా కొట్టేసిందేమో చూసి చెప్తాను.